ఎర్రటోపీలకూ నీలిటోపీలకూ మధ్య నా ఉద్యోగం

పెళ్లిలో కలిసినా, దినాల్లో కలిసినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "సరోజనా, జిందగీ అంత ఆటలు చూసుకుంట జీతం తీసుకున్నవట గద?" క్రీడల పేజీలో పనిచేసిన ప్రతివాళ్లకూ ఈ ప్రశ్న తప్పదు. నిజానికి నేను స్థిమితంగా చివరిదాకా చూసిన ఆటలు చాలా తక్కువ. ఆట నడుస్తుండగానే వార్త సగం రాసి పెట్టుకోవాలి. గెలుస్తారనుకున్నవాళ్లు చివర్లో ఓడిపోతే, చుట్టూ జనం గంతులేస్తుంటే మనం రాసింది కొట్టేసుకుంటూ కూర్చోవాలి.

ఈ మధ్య మా గోదావరిఖని పిల్లలు కొందరు జర్నలిజం చదివి, క్రీడల వైపు వెళ్తామంటూ నా దగ్గరికి వచ్చారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ఎడిషన్‌కు బదిలీ అయ్యానో మీకు అక్కర్లేదు. మీరు తెలుసుకోవలసింది వేరే ఉంది. ఈ పనిలో ఆటగాళ్లతో ఇబ్బంది తక్కువ. వాళ్లు మన రాతలు చదవరు. ఇబ్బందంతా అభిమానులతోనే. వాళ్లు ప్రతి అక్షరం చదువుతారు.

ఇది నాకు కరీంనగర్ డెస్కులో చేరిన కొత్తలోనే తెలిసింది. రెండు గనుల జట్ల మధ్య కబడ్డీ ఫైనల్ జరిగితే, "హోరాహోరీగా సాగిన పోరులో" అని మొదలుపెట్టి వార్త రాశాను. మర్నాడు గెలిచిన జట్టు మొత్తం ఆఫీసుకు వచ్చింది. "మేము వాళ్లను ఉతికి ఆరేసినం. హోరాహోరీ ఎక్కడ జరిగిందక్కా?" అని కెప్టెన్ నిలదీశాడు. మా డెస్క్ ఇన్‌చార్జి విఠల్ సార్ వాళ్లందరికీ టీ తాగించి పంపి, మరుసటి రోజు పేపర్లో అదే చోట అంతే పెద్ద అక్షరాలతో "పోటీ ఏకపక్షం" అని సవరణ వేశారు. ఆ మర్నాడు ఓడిన జట్టు వచ్చింది. సార్ వాళ్లకూ టీ తెప్పించారు. వాళ్లు వెళ్లాక నాతో అన్నారు: "తప్పు ఎంత పెద్దగ పడ్డదో సవరణ గూడ అంతే పెద్దగ పడాలె. తిట్లు రెండు దిక్కుల నుంచి వస్తె నువ్వు సరిగ్గ రాసినట్టు. ఒక్క దిక్కు నుంచే వస్తె మళ్లొకసారి చూసుకో."

ఆయన దగ్గర నేర్చుకున్న మిగతావన్నీ వ్యాకరణం.

ఫుట్‌బాల్ అంటే ఒప్పుకున్నాను

పేపర్లో క్రీడల పేజీలు తగ్గిపోయిన రోజుల్లో హైదరాబాద్‌లోని ఒక క్రీడావార్తల యాప్ వాళ్లు పిలిచారు. ఇంటి నుంచే పని. మా ఆయన అప్పటికే గని నుంచి రిటైరయ్యాడు. ఊళ్లోనే ఉండవచ్చు కదా అని ఒప్పుకున్నాను. అక్కడ నా పైఅధికారి ప్రణీత్. నా కంటే చాలా చిన్నవాడు, మర్యాదస్థుడు. అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "మేడమ్, ఫుట్‌బాల్ రాయగలరా?"

జిల్లా స్థాయి ఫుట్‌బాల్ ఎన్నోసార్లు రాశాను. రాస్తానన్నాను.

మర్నాడు అతను పంపిన వీడియోలు చూశాను. నెత్తిన టోపీ, ముఖానికి ఇనుప జాలీ, అంగీల కింద భుజాల మీద ఏవో కట్టలు పెట్టుకున్న మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. బంతి బొప్పాయి కాయలా ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని పరుగెత్తుతున్నారు. ఎంతసేపు చూసినా కాలితో తన్నే మనిషి కనబడలేదు. ప్రణీత్‌కు ఫోన్ చేశాను.

"బాబూ, వీళ్లు బంతిని ఎప్పుడు తంతారు?"

"అప్పుడప్పుడు తంతారు మేడమ్. ఇది అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ మన తెలుగువాళ్లు పిచ్చిగా చూస్తారు. తెలుగులో రాసేవాళ్లే లేరు."

"ఎందుకు లేరో తెలుస్తూనే ఉంది."

"మీరు నిన్న ఒప్పుకున్నారు మేడమ్," అన్నాడు.

అలా ఆ ఆట నా నెత్తిన పడింది. నేర్చుకోవడానికి ఒక సీజన్ పట్టింది. బంతి చేతికొచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు. వెళ్లకపోతే బంతి అవతలివాళ్లకు. ఇంత తెలిస్తే మీకూ చాలు. బంతి అందుకుని జట్టును నడిపించే ఆటగాడికి నేను "సూత్రధారి" అని పేరు పెడితే, న్యూజెర్సీ నుంచి ఒకాయన సూత్రధారి నాటకంలో ఉంటాడని రాశాడు. అది చూసి ఇంకొకాయన ఈ జట్టు ఆడేది నాటకమేనని రాశాడు. ఇద్దరూ వారం రోజులు తిట్టుకున్నారు. ప్రణీత్ సంతోషంగా ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆట వారానికి ఒక్కసారే. మిగతా ఆరు రోజులూ గొడవే మన సరుకు."

ఆ మాట నాకు నచ్చలేదు. కానీ అబద్ధమని మాత్రం చెప్పలేను. మీరు చేరబోయే వృత్తిలో చాలామంది జీతాలు ఆ ఆరు రోజుల మీదే నడుస్తున్నాయి.

జహాంగీర్ భాయ్ హోటల్

అక్కడ ఆదివారం రాత్రి ఆడే ఆట మనకు సోమవారం పొద్దున వస్తుంది. మా ఇంట్లో సిగ్నల్ నిలవదు. సూత్రధారి బంతి విసిరాడంటే అది గాల్లో ఆగిపోయి, నేను పప్పు తాలింపు పెట్టాక కింద పడేది. అందుకని మా వీధి చివర జహాంగీర్ భాయ్ చాయ్ హోటల్‌కు వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ పెద్ద టీవీ, వైఫై, ఇన్వర్టర్ మూడూ ఉన్నాయి. "నువ్వు ఏ ఆటన్న పెట్టుకో అక్కా, సౌండ్ మాత్రం తక్కువ పెట్టు," అన్నాడు భాయ్. నేను మూలబల్ల దగ్గర కూర్చుని రాసుకునేదాన్ని.

ఆ వేళకు మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు, నైటు దిగి వచ్చేవాళ్లు హోటల్లో కలుస్తారు. మొదటి సోమవారమే టీవీ ముందు గుంపు చేరింది.

"ఏంది అక్కా, కొట్టుకుంటున్నరా?" అని అడిగాడు రాజమల్లు. ఇతను గనిలో సపోర్ట్‌మన్. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దిమ్మెలు, ఇనుప రాడ్లు నిలబెట్టే పని. మా కాలనీ మనిషే.

"ఆట. ఫుట్‌బాల్."

"కాలేది మరి?"

నేను నియమాలు చెప్పాను. రాజమల్లు శ్రద్ధగా విని, వెనక్కి తిరిగి మిగతావాళ్లకు తన పద్ధతిలో చెప్పాడు. "టోపీలు పెట్టుకున్నరంటె మనసొంటోళ్లే. పది గజాల పని ఇస్తరు. నాలుగు సార్లల్ల చెయ్యాలె. చెయ్యకుంటె పని వేరే ముఠాకు పోతది. ఆ చారల అంగీ ఆయన ఓవర్‌మన్. ఆయన సీటీ కొడ్తె పని బంద్."

గనిలో షిఫ్టు మీద అజమాయిషీ చేసేవాణ్ణి ఓవర్‌మన్ అంటారు. చారల అంగీ వేసుకున్న ఓవర్‌మన్‌ను మా ఊళ్లో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అయినా ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత ఆ ఆటలో రెఫరీని మా ఊళ్లో వేరే పేరుతో పిలవలేదు.

జట్ల అసలు పేర్లు కూడా ఎవరికీ పట్టలేదు. ఆ పొద్దున ఆడిన రెండు జట్లలో ఒకటి ఎర్రటోపీలు, రెండోది నీలిటోపీలు. రాజమల్లు ఎర్రటోపీల వైపు చేరాడు. కారణం అడిగితే, తన సంఘం జెండా ఎర్రది కాబట్టి ఇంకో రంగు వైపు చూడలేనన్నాడు. అతని పక్కనే కూర్చున్న బైక్ మెకానిక్ సలీం వెంటనే, "ఐతె నాది నీలం," అన్నాడు.

"ఎందుకు?" అని అడిగాను.

"ఇద్దరం ఒక్కటే అంటె ఇంక మాట్లాడుకునేదేముంటది అక్కా?"

వాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. చిన్నప్పటి నుంచీ ఒక చాయ్‌ని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగినవాళ్లు. సీజన్ సగానికి వచ్చేసరికి హోటల్లో బల్లలు రెండు వైపులుగా జరిగాయి. గోడవైపు ఎర్ర, కౌంటర్ వైపు నీలం. కొత్తగా వచ్చినవాడు చాయ్ కోసం ఎటు కూర్చున్నా, ఎందుకు కూర్చున్నాడో చెప్పాల్సి వచ్చేది. జహాంగీర్ భాయ్‌ని ఎవరు ఏ జట్టని అడిగినా, "గ్లాసు ఖాళీ చేసెటోళ్లది నా జట్టు," అనేవాడు.

పట్టిక

ప్రతి మంగళవారం నేను జట్లకు ర్యాంకులు వేస్తూ ఒక పట్టిక రాయాలి. ఎవరు ఒకటి, ఎవరు రెండు, ఎందుకు. అది ప్రణీత్ ఆలోచన. ఆ ర్యాంకులకు ఏ విలువా లేదు. వాటి వల్ల ఏ జట్టుకూ ఒక్క పాయింటు రాదు, పోదు. కానీ మీరు ఎంత మంచి వార్త రాసినా చదవనివాళ్లు ఇది చదువుతారు.

ఒక మంగళవారం ఎర్రటోపీలను మూడు నుంచి ఏడుకు దించాను. సాయంత్రం రాజమల్లు మా ఇంటికి వచ్చాడు. నాతో మాట్లాడలేదు. వరండాలో కూర్చున్న మా ఆయన దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, వదినెకు నేనేమన్న తప్పు చేసిన్నా?"

మా ఆయనకు ఆట తెలియదు. కంగారుపడ్డాడు. "ఏమైంది రాజమల్లూ?"

"ఏడుకు దించింది."

"ఎక్కడికి?"

నేను బయటికి వచ్చి, ఎర్రటోపీలు వరుసగా రెండు ఆటలు ఓడిపోయారు కదా అన్నాను. అతను నేలవైపు చూస్తూ, ఇష్టం లేకపోయినా అడగక తప్పడం లేదన్నట్టు అడిగాడు.

"అక్కా, నీ స్కూటర్ ఎవరు బాగు చేస్తరు?"

"సలీం."

"నేనేమంటలేను. అడిగిన, అంతే," అని లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు హోటల్లో గోడవైపు బల్లలన్నిటికీ ఈ సంగతి చేరిపోయింది. నీలిటోపీల మెకానిక్ స్కూటర్ బాగు చేస్తాడు కాబట్టి పట్టిక నీలిటోపీలకు అనుకూలమట. నిష్పక్షపాతం నిరూపించుకోవాలని నేను స్కూటర్‌ను మంచిర్యాలలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. వాళ్లు బ్రేకులు బాగుచేసి హారన్ చెడగొట్టారు. తిరిగి వస్తూ గోదావరి వంతెన మీద దారి ఇమ్మని నోటితో అరుస్తూ వచ్చాను. ఆ వారం నీలిటోపీలు ఓడిపోతే వాళ్లను నాలుగుకు దించాను. సలీం హోటల్లో అన్నాడట: "అక్క మంచిర్యాల పోయినప్పుడే అనుకున్న."

పిల్లలూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. మీకు ఏ పక్షమూ లేదని నిరూపించుకోవడానికి బయల్దేరకండి. ఆ దారికి చివర లేదు. హారన్ కూడా ఉండదు.

"పని అయిపోయింది"

చలికాలంలో ఒక సోమవారం మా చిన్నమ్మ మనుమరాలి పెళ్లికి బెల్లంపల్లి వెళ్లాను. సెలవు పెట్టాను కాబట్టి ఆ పూట నా పేజీ ప్రణీత్ చూశాడు. ఎర్రటోపీల సూత్రధారికి చీలమండ మెలిపడి, సగం ఆటలో బయటికి తీసుకెళ్లారు. అక్కడి విలేకరి ఒకరు, అతను ఇవాళ్టికి ఇక ఆడడనే అర్థంలో ఇంగ్లీషులో "హి ఈజ్ డన్" అని ఒక్క ముక్క రాశారు. ప్రణీత్ దాన్ని అనువాదం చేసే యంత్రంలో వేశాడు. అది "అతని పని అయిపోయింది" అని ఇచ్చింది. శీర్షిక బాగుందనిపించి ప్రణీత్ అలాగే పెట్టాడు. కింద ఎప్పటిలా నా పేరు ఉంది.

తెలుగులో ఒక మనిషి పని అయిపోయిందంటే దానికి ఎన్ని అర్థాలున్నాయో మీకు తెలుసు. హోటల్లో ఫోన్లలో ఆ శీర్షిక చూసినవాళ్లు అతను ఇక జన్మలో ఆడలేడనే పెద్ద అర్థమే తీసుకున్నారు. తర్వాత జరిగిందంతా నాకు జహాంగీర్ భాయ్ చెప్పాడు.

గోడవైపువాళ్లు చాయ్ గ్లాసులు కింద పెట్టేశారు. కాసేపటికి ఒకతను, ఇప్పుడు ఆ పిలగాణ్ణి మెడికల్ బోర్డుకు పంపుతరా అని అడిగాడు. ఇంకొకతను, అన్‌ఫిట్ చేస్తే కొడుక్కు నౌకరి ఇస్తరా అన్నాడు. గనిలో పని చేయలేడని ఆ బోర్డు తేలిస్తే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి మా దగ్గర ఉంది. కొడుకు ఇంకా బడికే పోతలేడని తెలిశాక, అట్లయితే భార్యకు ఇయ్యాలె అని తీర్మానించారు. కౌంటర్ వైపువాళ్లు కూడా ఆ చర్చలో కలిశారు. దెబ్బ తగిలిన మనిషి విషయంలో మా ఊళ్లో జట్లుండవు.

రాజమల్లు మాత్రం తన కాలు తడుముకుంటూ కూర్చున్నాడు. కొన్నేళ్ల కింద గనిలో కప్పు నుంచి బండ జారి అతని కాలు మీద పడింది. నెలల తరబడి దవాఖానలో ఉన్నాడు. ఆ రోజుల్లో సలీం రోజూ షెడ్డు మూసి, టిఫిన్ డబ్బా పట్టుకుని అతని దగ్గరికి వెళ్లేవాడు.

సరిగ్గా అప్పుడే సలీం జిలేబీ పొట్లంతో హోటల్లోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. నేరుగా రాజమల్లు దగ్గరికి వెళ్లి పొట్లం విప్పాడు.

"తీస్కో బావ, నోరు తీపి చేస్కో."

రాజమల్లు పొట్లం వైపు, సలీం వైపు చూశాడు. "మనిషి దెబ్బ తిని పడ్డడు. నువ్వు మిఠాయి పంచుతున్నవా?"

సలీం నవ్వాడు. "ఇయ్యాల్ల ఎవరు పడ్డా నాకు ఖుషీనే బావ."

రాజమల్లు చాయ్ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి సలీంతో మాట మానేశాడు. వారం వారం జరిగే అలకల్లాంటిది కాదది. సలీం ఎదురైతే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాడు.

దీనికి తోడు, ఆ నెలాఖరుకే రాజమల్లు రిటైర్మెంట్. మా దగ్గర గని కార్మికుడి ఆఖరి డ్యూటీ చిన్న విషయం కాదు. దండలు వేసి, గని గేటు నుంచి ఇంటిదాకా బ్యాండుతో ఊరేగిస్తారు. ఇంటి ముందు షామియానా, సన్మానం, భోజనాలు. రాజమల్లు అవేవీ వద్దన్నాడు. "డ్యూటీ దిగి ఆటోల వస్త," అని ఇంట్లో చెప్పేశాడు. అతని భార్య లచ్చక్క నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"చుట్టాలందరికి చెప్పిన. చీర గూడ కొనుక్కున్న. గా టోపీలోళ్లు ఎవరో, ఏ దేశమోళ్లో, నా ఇంట్ల ఫంక్షన్ ఆపుతరా సరోజక్కా?"

ఆ శీర్షిక కింద ఉన్నది నా పేరు.

సవరణ

ప్రణీత్‌కు ఫోన్ చేసి సవరణ వేయమన్నాను.

"అతను వచ్చే ఆటకు దిగుతాడని వేరే వార్త పెట్టేశాం కదా మేడమ్. సవరణ ఎవరు చదువుతారు?"

"తప్పు చదివినవాళ్లందరూ మా వీధిలోనే ఉన్నారు."

"జనం మర్చిపోతారు మేడమ్."

"మీ ఊళ్లో మర్చిపోతారేమో. నా పేరు మీద పడింది. పైన పెద్ద శీర్షికతో పడాలి. లేదంటే రేపటి నుంచి నీ పట్టిక నువ్వే వేసుకో."

పట్టిక మాట వినగానే ఒప్పుకున్నాడు. మర్నాడు యాప్‌లో అన్నిటికంటే పైన "అతని పని అయిపోలేదు" అని వచ్చింది. ఎలా తప్పు పడిందో నేనే నాలుగు ముక్కల్లో వివరంగా రాశాను. చిత్రమేమిటంటే ఆ సవరణను అసలు వార్త కంటే ఎక్కువమంది చదివారు. నీలిటోపీల అభిమానులు వచ్చి, పని నిజంగానే అయిపోయిందని వాదించారు. ఎర్రటోపీలవాళ్లు వచ్చి వాళ్లను తిట్టారు. సాయంత్రం ప్రణీత్ మళ్లీ ఫోన్ చేశాడు.

"మేడమ్, ఇలాంటి సవరణలు వారానికి ఒకటి రాయగలరా?"

"దానికి వారానికో తప్పు కావాలి."

"అది నేను చూసుకుంటాను మేడమ్," అన్నాడు. అతను పరాచకమాడుతున్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను హోటల్‌కు వెళ్లి సవరణ గట్టిగా చదివి వినిపించాను. గోడవైపువాళ్లు బల్లలు చరిచారు. రాజమల్లు అంతా విని, నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"ఆ పిలగాని సంగతి సరిచేసినవ్, మంచిది. సలీం సంగతికి సవరణ ఎక్కడ ఏస్తవ్ అక్కా?"

మనం రాసింది దిద్దుకోవచ్చు. దాన్ని చదివి మనుషులు చేసుకున్నది మన చేతిలో ఉండదు.

జీపు

మంచిర్యాల బ్రేకులు కూడా చివరికి మొరాయించాయి. పరువు పక్కన పెట్టి స్కూటర్‌ను సలీం షెడ్డుకు తోసుకెళ్లాను. అతను ఒక్క మాట దెప్పలేదు. హారన్ వైర్లు చూస్తూ తల మాత్రం ఊపాడు. షెడ్డు వెనక టార్పాలిన్ కింద ఏదో పెద్ద బండి ఉంది. ఏమిటని అడిగాను. సలీం బయట ఎవరూ లేరని చూసుకుని టార్పాలిన్ లేపాడు. పైకప్పు లేని పాత జీపు.

"బావ రిటైర్మెంట్‌కు. ఏడాది సంది చేస్తున్న. తుక్కుల కొన్న. ఇంజన్ మీద ఆశ వదులుకున్న అక్కా. ఆ సోమారం పొద్దుగాల, ఎందుకో ఏమో, స్టార్ట్ అయింది. ఆ ఖుషీల జిలేబీ పట్టుకుని ఉరికిన. టోపీలోనికి గంత దెబ్బ తాకిన సంగతి నాకు తెల్వనే తెల్వది. బావ పడ్డడంటె, ఎప్పుడు పడెటిదే అనుకున్న."

"మరి ఆ మాట రాజమల్లుతో చెప్పరాదూ?"

"చెప్తె జీపు సంగతి చెప్పాలె. గేటు కాడ ఒక్కసారే చూపియ్యాలనుకున్న." టార్పాలిన్ మళ్లీ కప్పుతూ, "నువ్వు గూడ చెప్పకు అక్కా. పేపర్లోళ్లు చెప్పొద్దంటె చెప్పరట గద," అన్నాడు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు దొరికిన అసలైన వార్త అదొక్కటే. దాన్ని రాయకూడదు. అయినా ఉండబట్టలేక రాజమల్లు ఇంటికి వెళ్లాను. ఒక్కోసారి మనం చూసినదాని వెనక వేరే కారణం ఉంటుందని, తొందరపడకూడదని ఏదో చెప్పబోయాను. అతను నన్ను అనుమానంగా చూశాడు.

"స్కూటర్ బాగైందా అక్కా?"

ఇంక నోరు మూసుకుని వచ్చేశాను.

ముప్పై ఒకటో తారీకు

రాజమల్లు వద్దన్నా ఎవరూ వినలేదు. తోటి కార్మికులు బ్యాండు పిలిచారు. లచ్చక్క కొత్త చీర కట్టుకుని గని గేటుకు వచ్చింది. నేనూ, మా ఆయనా వెళ్లాం. రాజమల్లు ఆఖరిసారి టోపీ అప్పజెప్పి బయటికి వచ్చేసరికి గోడవైపువాళ్లూ, కౌంటర్ వైపువాళ్లూ వరుసగా దండలు పట్టుకుని నిలబడ్డారు. మెడ నిండిపోయింది. అతను ఆటో కోసం చూస్తున్నాడు.

అప్పుడు మూలమలుపు నుంచి జీపు వచ్చింది. పొగ ముందు కనబడింది, జీపు తర్వాత. సలీం గేటు ముందు ఆపి, ఇంజన్ ఆపకుండానే దిగాడు. మనిషి మొత్తం గ్రీజు. బండి మొత్తం ఎర్రగా ఉంది.

రాజమల్లు జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. మాట్లాడకూడదనుకున్న మనిషి చివరికి మాట్లాడాడు.

"నా కోసం ఎర్ర రంగు ఏసినవా?"

"రంగు కాదు, రెడాక్సైడ్. తుప్పు పట్టకుండ ఏసెటిది," అన్నాడు సలీం. "మీదికెల్లి నీలం ఏసేదుండె. టైం సరిపోలే."

జనం నవ్వారు. రాజమల్లు నవ్వలేదు.

"ఆ రోజు జిలేబీ ఎందుకు పంచినవ్?"

"గీ ఇంజన్ స్టార్ట్ అయిందని పంచిన బావ."

రాజమల్లు బానెట్ మీద చెయ్యి పెట్టాడు. వేడికి వెంటనే తీసేశాడు. "ముందుగాల చెప్పొద్దా?" అన్నాడు.

"చెప్తె నువ్వు వచ్చి, గిట్ల కాదు గట్ల అని నన్ను పని చెయ్యనియ్యవు."

రాజమల్లు తన మెడలోంచి ఒక దండ తీసి సలీం మెడలో వేశాడు. ఇంకో దండ లచ్చక్క మెడలో వేసి, ఆమెను ఎక్కించి, తను ఎక్కి, వెనక నిలబడ్డాడు. బ్యాండు మొదలైంది.

ఊరేగింపు చౌరస్తా దాకా రాజసంగా వచ్చింది. చౌరస్తాలో జీపు ఆగిపోయింది. సలీం దిగి చూసి, తోయాలన్నాడు. ఎర్ర జట్టు ఒక వైపు, నీలం జట్టు ఒక వైపు చేరి తోయడం మొదలుపెట్టారు. ఎవరు సరిగ్గా తోయడం లేదో రెండు వైపులా చెప్పుకున్నారు. బండి కొద్దిగా కదిలేది, ఆగేది. జీవితమంతా బరువులు ఎత్తిన మనిషికి పైన ఊరికే నిలబడి చూడటం ఎంతసేపని సాధ్యమవుతుంది? రాజమల్లు దండలతోనే కిందికి దూకి, "జరుగున్రి, మీకు పట్టు తెల్వది," అంటూ తనూ భుజం పెట్టాడు.

ఈసారి ఇంజన్ అందుకుంది. జీపు ఒక్కసారిగా ముందుకు దూకి వెళ్లిపోయింది. వెనక సీట్లో లచ్చక్క ఒక్కతే ఉంది. రాజమల్లు రోడ్డు మధ్యలో నిలబడి ఆపమని చెయ్యి ఊపాడు. దూరం నుంచి సలీం కేక వినిపించింది. "ఆపితె మళ్ల స్టార్ట్ కాదు బావ."

బ్యాండువాళ్లు ఎటు పోవాలో తెలియక కాసేపు ఉన్నచోటే వాయించారు. తర్వాత రాజమల్లు వెంట నడిచారు. మేమందరం నడిచాం.

ఇంటికి చేరేసరికి సన్మానం జరిగిపోతోంది. నెలాఖరు కాబట్టి సంఘం నాయకుడికి ఆ రోజు ఇంకా చాలా ఇళ్లున్నాయి. జీపులోంచి దండతో దిగిన మనిషికి, ఎవరో చూడకుండానే శాలువా కప్పేసి, కంఠతా వచ్చిన ఉపన్యాసం మొదలుపెట్టేశాడు. "ప్రాణాలకు తెగించి, మూడు షిఫ్టులల్ల, ఎండనక వాననక కంపెనీకి సేవ చేసిన..." లచ్చక్క శాలువా సర్దుకుని వింటోంది. రాజమల్లు వేదిక ఎక్కబోయాడు. ఆమె చేత్తోనే ఆపింది.

"ఆగు. ఆయనను మాట్లాడనియ్యి. మూడు షిఫ్టులకు నేను గూడ లేచిన."

ముందు ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ. రాజమల్లు కింద, మొదటి వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మొత్తం ఉపన్యాసం విన్నాడు.

మా పాత పేపర్ మిత్రుడొకరు పట్టణం పేజీకి చిన్న వార్త అడిగితే నేనే రాసిచ్చాను. "లచ్చక్కకు ఘన సన్మానం" అని పడింది. పొద్దున్నే రాజమల్లు పేపర్ పట్టుకుని హోటల్లో నా మూలబల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇదేంది అక్కా, రిటైరైంది నేను. నా పేరు ఆఖరి లైన్ల ఉన్నది."

నేను ఏదో చెప్పేలోపు, పక్కన చాయ్ తాగుతున్న సలీం పేపర్ అందుకుని వార్త మొత్తం చదివాడు. "అక్క కరెక్టే రాసింది బావ. చౌరస్తా కాడికెల్లి ఇంటి దాకా జీపుల ఊరేగింది లచ్చక్క ఒక్కతే."

రాజమల్లు పేపర్ వెనక్కి తీసుకుని మళ్లీ చూశాడు. "అది నిజమే," అన్నాడు.

ఆ సీజన్ అయిపోగానే నేనూ పని మానేశాను. నేను రాసింది చదివి ఒక అభిమాని "అది నిజమే" అనడం అదే మొదటిసారి. అదే ఆఖరిసారి కూడా.